అరబ్బీ బ్యాంకు కాగితం, ఇంగ్లిష్ వీసా అర్జీ

గల్ఫ్‌లో బతుకుతున్న తెలుగువాళ్లకు అరబ్బీ కాగితంతో రోజూ పనే. అకామా (నివాస అనుమతి), బతాకా (గుర్తింపు కార్డు), ఇంటి అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, బ్యాంకు నుంచి వచ్చే మెసేజీ దాకా అన్నిటిలో ఆ లిపి కనబడుతుంది. చదవలేకపోయినా పని ఆగదు. కంపెనీ కాగితాల పనులు తిరిగే మందూబ్ చూసుకుంటాడు, లేదా ఆఫీసులో ఎవరో ఒకరు చదివి చెబుతారు. అదే కాగితం గల్ఫ్ దాటి మరో దేశపు వీసా అధికారి ముందుకు వెళ్లాల్సి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. లండన్‌లో చదవబోయే కూతురికి కువైట్‌లో ఉన్న తండ్రి డబ్బు చూపించాలన్నా, రియాద్ నుంచి పిల్లాపాపలతో యూరప్ చూసి రావాలన్నా, దుబాయ్ ఉద్యోగం మీద కెనడా పీఆర్‌కు అర్జీ పెట్టాలన్నా బ్యాంకు స్టేట్‌మెంటు, జీతం సర్టిఫికెట్టు అడుగుతారు. వాటిలో అరబ్బీ ఉంటే తర్జుమా జతచేయాలి.

కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది ఈ పనిని ఆఖరి వారానికి నెడతారు. టైపింగ్ సెంటర్లో ఇస్తే సాయంత్రానికి చేతికొస్తుందన్న ధీమా. తర్జుమా సాయంత్రానికి రావచ్చు. కానీ తర్జుమా చేసే మనిషి కాగితంలో ఉన్నదే రాయాలి, అంతకు మించి రాయకూడదు. కాగితంలో పేరు ఒక తీరుగా, పాస్‌పోర్టులో ఇంకో తీరుగా ఉన్నా, జీతం ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ ఉన్నా ఆ తేడాలన్నీ చక్కటి ఇంగ్లిష్‌లో అధికారి ముందుకు వెళ్తాయి. ఆఖరి వారంలో వాటిని సరిచేసే దారి ఉండదు. కాబట్టి ఈ పనిని తర్జుమా ఆఫీసులో మొదలుపెట్టకండి. మూడు నాలుగు నెలల ముందే బ్యాంకు కౌంటరు దగ్గర మొదలుపెట్టండి. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట చుట్టూనే.

ముందు ఇంగ్లిష్ కాగితమే అడగండి

తర్జుమా ఖర్చు, తలనొప్పి రెండూ తగ్గే దారి, అసలు తర్జుమా అవసరమే లేని కాగితం సంపాదించడం. గల్ఫ్ బ్యాంకులు చాలావరకు ఇంగ్లిష్‌లోనూ స్టేట్‌మెంటు ఇస్తాయి. యాప్‌లో భాషను ఇంగ్లిష్‌కు మార్చి దించుకుంటే సరిపోయే సందర్భాలే ఎక్కువ. ఖాతా తెరిచిన రోజు మందూబో, బ్రాంచి ఉద్యోగో అరబ్బీ టిక్కు పెట్టి ఉంటే ఆ తర్వాత కాగితాలన్నీ అరబ్బీలోనే వస్తుంటాయి. బ్రాంచికి వెళ్లి ఆ భాషను మార్పించుకుంటే చాలు. ఇంత చిన్న పని తెలియక పేజీకి ఇంత చొప్పున డబ్బు పోసి ఆర్నెల్ల స్టేట్‌మెంటు తర్జుమా చేయించుకున్నవాళ్లు ఉన్నారు.

అయితే ఇంగ్లిష్ స్టేట్‌మెంటు చేతికి రాగానే పని అయిపోయిందనుకోవద్దు. శీర్షికలు, నిలువు వరుసల పేర్లు ఇంగ్లిష్‌లోకి మారినా, ఒక్కో లావాదేవీ పక్కన ఉండే వివరం అరబ్బీలోనే మిగిలిపోవడం మామూలే. డబ్బు పంపినవాళ్లు ఏ భాషలో రాస్తే ఆ భాషలోనే అది అచ్చవుతుంది. కంపెనీ జీతం వేసేటప్పుడు రాసిన మాట కూడా అంతే. బ్రాంచిలో కొట్టే గుండ్రటి ముద్ర ఉండనే ఉంది. కెనడా ఇమిగ్రేషన్ శాఖ అయితే ముద్రలు, సీళ్లు ఇంగ్లిష్‌లోనో ఫ్రెంచిలోనో లేకపోతే వాటికీ తర్జుమా కావాలని రాతపూర్వకంగానే చెబుతుంది. కాబట్టి స్టేట్‌మెంటు తీసుకోగానే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఓపిగ్గా చూసి, అరబ్బీ మిగిలిన ప్రతి చోటా పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. నెలనెలా జీతం పడిన వరుసలు, పెద్ద మొత్తాలు వచ్చిన వరుసలు అధికారి మొదట చూసే చోట్లు. అక్కడి వివరం అరబ్బీలో ఉంటే తర్జుమా లేకుండా పంపకండి.

స్టేట్‌మెంటుతో పాటు బ్యాంకు నుంచి ఒక ఉత్తరం కూడా అడగండి. కెనడా పీఆర్‌లో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ దారిన వెళ్లేవాళ్లకు ఇది తప్పదు. ఉత్తరం బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఉండాలి. బ్యాంకు చిరునామా, ఫోను, ఈమెయిలు, మీ పేరు, మీకున్న అప్పులు, ప్రతి ఖాతా నంబరు, ఖాతా తెరిచిన తేదీ, ఇప్పుడున్న నిల్వ, గత ఆరు నెలల సగటు నిల్వ అన్నీ అందులో రావాలి. మామూలుగా బ్యాంకు తనంతట తాను ఇచ్చే నిల్వ సర్టిఫికెట్టులో సగటు నిల్వ, అప్పుల సంగతి ఉండవు. ఏమేం కావాలో ఒక కాగితం మీద ఇంగ్లిష్‌లో రాసి కౌంటర్లో ఇవ్వండి. నోటితో చెబితే వాళ్లకు అలవాటైన నమూనాయే అచ్చువేసి ఇస్తారు.

జీతం సర్టిఫికెట్టు విషయంలోనూ ఇదే పద్ధతి. కుడివైపు అరబ్బీ, ఎడమవైపు ఇంగ్లిష్ ఉండే రెండు భాషల నమూనా చాలా కంపెనీల దగ్గర ఉంటుంది. హెచ్ఆర్‌ను అడిగితే ఇస్తారు. సౌదీలో ఆ సర్టిఫికెట్టు మీద ఛాంబర్ ఆఫ్ కామర్స్ ముద్ర వేయించే ఆనవాయితీ ఉంది. దాన్ని అక్కడ గుర్ఫా అంటారు. ఆ ముద్ర అరబ్బీలో ఉంటే దానికీ తర్జుమా కావాలి. రెండు భాషల కాగితంలో ఇంగ్లిష్ భాగం ఉంది కదా అని నిశ్చింతగా ఉండక, రెండు వైపులా అంకెలు ఒక్కటేనా కాదా అని సరిచూసుకోండి. పాత ఫైలు తెరిచి ఒకవైపు మార్చి, రెండోవైపు మరిచిపోవడం గుమాస్తాలకు మామూలే.

అంకెలు, తేదీలు

అరబ్బీ రాకపోయినా అంకెలు నేర్చుకోవడానికి ఒక్క పూట చాలు. ఆ పూట వెచ్చించండి, జీవితాంతం పనికొస్తుంది. అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడిచినా అంకెలు మాత్రం మన లెక్కలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. సున్నా ఒక చుక్క. అయిదు గుండ్రంగా ఉంటుంది, అందుకే కొత్తవాళ్లు అయిదును చూసి సున్నా అనుకుంటారు. ఆరు అచ్చం మన ఏడులా కనబడుతుంది. ఎనిమిది పెంకుటింటి కప్పులా పైకి మొనదేలి ఉంటే, ఏడు దాన్ని తిరగేసినట్టుంటుంది. రెండుకు, మూడుకు తేడా తలమీద ఉన్న చిన్న పన్నులోనే. చేతిరాతలో అది సరిగ్గా పడకపోతే రెండు వేలు మూడు వేలవుతుంది. తర్జుమా అయ్యాక ఇంగ్లిష్ పక్కన అసలు కాగితం పెట్టుకుని అంకెలన్నీ మీరే ఒకసారి సరిచూడండి. తర్జుమా చేసేవాళ్లు భాష తెలిసినవాళ్లే కానీ, రోజుకు ఎన్నో పేజీలు కొట్టే చేతికి ఒక అంకె తప్పడం పెద్ద వింత కాదు.

కువైట్, బహ్రెయిన్, ఒమన్‌లలో ఉన్నవాళ్లకు ఇంకో జాగ్రత్త. అక్కడ ఒక దీనారుకు వెయ్యి ఫిల్స్, ఒక ఒమానీ రియాల్‌కు వెయ్యి బైసాలు. అందువల్ల చుక్క తర్వాత మూడు అంకెలు రాస్తారు. 425.750 అంటే నాలుగు వందల పాతిక దీనార్ల ఏడు వందల యాభై ఫిల్స్ అన్నమాట. ఈ చుక్కను తర్జుమాలో కామాగా కొడితే అది నాలుగు లక్షల పాతికవేల పైచిలుకు అవుతుంది. కామాగా కొట్టకపోయినా ప్రమాదం ఉంది. జర్మనీ వంటి దేశాల్లో వేలను విడదీయడానికి చుక్క, దశాంశానికి కామా వాడతారు. ఆ అలవాటున్న కన్ను దీన్ని వేలల్లో చదివేస్తుంది. నెలజీతం నాలుగు లక్షల దీనార్లని రాసిన కాగితం చూస్తే ఏ అధికారికైనా అనుమానం రాక మానదు. జీతం, నిల్వ వంటి ముఖ్యమైన మొత్తాల దగ్గర అంకెలతో పాటు అక్షరాల్లోనూ, దీనార్లు ఇన్ని, ఫిల్స్ ఇన్ని అని విడదీసి రాయించండి. సౌదీ రియాల్, యూఏఈ దిర్హామ్, ఖతర్ రియాల్‌లకు ఈ బాధ లేదు, అవి మన రూపాయిలాగే వందకు విడిపోతాయి.

స్టేట్‌మెంటులో నిలువు వరుసల సంగతి. అరబ్బీ పట్టిక కుడివైపు నుంచి మొదలవుతుంది. ఇంగ్లిష్‌లోకి కొట్టేటప్పుడు పట్టిక మొత్తం ఎడమకు తిరుగుతుంది. అప్పుడే డబ్బు వచ్చిన వరుస, పోయిన వరుస తారుమారయ్యే అవకాశం ఉంది. అరబ్బీలో మదీన్ అని ఉన్న వరుస ఖాతా నుంచి పోయినది, దాయిన్ అని ఉన్నది ఖాతాలోకి వచ్చినది. వినడానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి రెండూ ఎక్కడున్నాయో చూసుకోండి. భాషతో పనిలేని పరీక్ష కూడా ఒకటుంది. పై వరుసలోని నిల్వకు, వచ్చినది కలిపి పోయినది తీసేస్తే కింది వరుసలోని నిల్వ రావాలి. తర్జుమా కాగితం మీద ఎక్కడో ఒకచోట నాలుగు వరుసలు ఇలా లెక్కవేసి చూడండి. లెక్క తేలితే వరుసలు సరిగ్గానే తిరిగాయని నమ్మొచ్చు.

తేదీలు సౌదీలోనే ఎక్కువ తిప్పలు పెడతాయి. అక్కడ సర్కారు కాగితాల్లో చాలాకాలం హిజ్రీ లెక్కే నడిచింది. సర్కారీ జీతాలు ఇంగ్లిష్ నెలల లెక్కకు మారింది 2016లోనే. ఇప్పటికీ ఎన్నో కాగితాలమీద హిజ్రీ తేదీ ఒక్కటే, లేదా రెండు తేదీలూ పక్కపక్కన ఉంటాయి. హిజ్రీ ఏడాది చంద్రుణ్ని బట్టి నడుస్తుంది, 354 లేదా 355 రోజులే ఉంటుంది. కాబట్టి మన లెక్కతో పోలిస్తే ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ పోతుంది. సౌదీ అధికారిక క్యాలెండరైన ఉమ్ అల్ ఖురా ప్రకారం హిజ్రీ 1446 మొదలైంది 2024 జులై 7న, 1447 మొదలైంది 2025 జూన్ 26న. ఒక కాగితం గడువు 1447 మొదటి నెల 15 అని ఉంటే అది 2025 జులై 10 అవుతుంది. తర్జుమాలో అసలు హిజ్రీ తేదీ ఉంచి, పక్కనే ఇంగ్లిష్ తేదీ రాయమనండి. మార్చేటప్పుడు ఉమ్ అల్ ఖురా లెక్కనే వాడాలి. ఇంటర్నెట్టులో దొరికే కొన్ని లెక్కల యంత్రాలు వేరే పద్ధతిలో మార్చి ఒక రోజు తేడా చూపిస్తాయి. ఇంగ్లిష్ తేదీలో నెలను అంకెతో కాక అక్షరాలతో రాయించండి. 05/03 అని రాస్తే బ్రిటన్‌లో మార్చి 5, అమెరికాలో మే 3.

పేరు

తెలుగువాళ్ల అర్జీల్లో తర్జుమా వల్ల వచ్చే ఇబ్బందుల్లో పెద్దది పేరే. అరబ్బీలో ‘ప’, ‘వ’, ‘చ’ ధ్వనులకు సొంత అక్షరాలు లేవు. ‘ప’ను ‘బ’గా, ‘వ’ను చాలాసార్లు ‘ఫ’గా రాస్తారు. ‘గ’కు ఒక్కో దేశంలో ఒక్కో అక్షరం వాడతారు. హ్రస్వాచ్చులను అసలు రాయరు. చదివేవాళ్లే ఊహించుకోవాలి. ఇంటిపేరు పోలవరపు, పేరు వేణుగోపాల్ అనుకుందాం. అకామా మీద ఎక్కేటప్పుడే అది అరబ్బీ అక్షరాల్లో ఒక రూపు దాల్చింది. పాస్‌పోర్టు చూడకుండా తర్జుమా చేసే మనిషి ఆ అక్షరాలను తిరిగి ఇంగ్లిష్‌లోకి తెస్తే బోలఫరబు ఫీనుజోబాల్ అని రాసినా తప్పుపట్టలేం, ఆయన ముందున్నది అదే. కానీ వీసా అధికారి ముందు పోలవరపు వేణుగోపాల్ పాస్‌పోర్టు, బోలఫరబు ఫీనుజోబాల్ బ్యాంకు ఖాతా ఉంటాయి. ఈ డబ్బు ఈయనదేనా అని అడిగే హక్కు ఆ అధికారికి ఉంది.

అందుకని తర్జుమాకు ఇచ్చేటప్పుడు పాస్‌పోర్టు మొదటి పేజీ నకలు తప్పకుండా జతపరచండి. పేరు పాస్‌పోర్టులోని అక్షరక్రమంలోనే ఉండాలని చెప్పండి. పేరున్న ఆఫీసులు తామే అడిగి తీసుకుంటాయి. మీరు ఒక్కరే కాదు, భార్య, పిల్లల పేర్లు కాగితంలో వస్తే వాళ్ల పాస్‌పోర్టుల నకళ్లూ ఇవ్వాలి.

తెలుగు పేర్ల నిర్మాణం వల్ల ఇంకో చిక్కుంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. పాస్‌పోర్టులో అది సర్‌నేమ్ గడిలోకి వెళ్తుంది. గల్ఫ్ కాగితాల్లో పేరు ముందు, ఇంటిపేరు చివర చేరుతుంది. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. కొందరికి బ్యాంకు ఖాతాలో తండ్రి పేరు మధ్యలో వచ్చి చేరుతుంది. పేరు పొడవై గడిలో పట్టక చివరి మాట తెగిపోయిన ఖాతాలూ ఉన్నాయి. ఇలాంటి తేడా అక్షరక్రమంతో పోయేది కాదు. అసలు కాగితంలో లేని ఇంటిపేరును తర్జుమాలో చేర్చమని అడగకూడదు, అడిగినా మంచి తర్జుమాకారుడు చేర్చడు. దీనికి మందు బ్యాంకులోనే ఉంది. పాస్‌పోర్టు, అకామా పట్టుకెళ్లి ఖాతాలోని పేరును పాస్‌పోర్టు ప్రకారం సరిచేయించుకోవాలి. దానికి కొన్ని వారాలు పట్టవచ్చు. మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టమన్నది ముఖ్యంగా దీనికోసమే. అప్పటికీ పాత కాగితాల్లో తేడా మిగిలితే, రెండు పేర్లూ ఒకే ఖాతాదారువని బ్యాంకు నుంచి ఒక చిన్న ఉత్తరం రాయించుకోండి.

కంపెనీ పేరు సంగతీ చూడాలి. అరబ్బీలోని కంపెనీ పేరును ఒకరు ఉన్నదున్నట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే, ఇంకొకరు దాని అర్థాన్ని ఇంగ్లిష్‌లోకి మారుస్తారు. జీతం సర్టిఫికెట్టులో ఒక పేరు, స్టేట్‌మెంటు తర్జుమాలో ఇంకో పేరు వస్తే రెండు కంపెనీల్లో పనిచేస్తున్నట్టు కనబడుతుంది. కంపెనీ వాణిజ్య రిజిస్ట్రేషన్‌లో ఇంగ్లిష్ పేరు ఎలా ఉందో హెచ్ఆర్‌ను అడిగి, అదే పేరు అన్ని తర్జుమాల్లో వాడమనండి. ఈ కారణంగానే కాగితాలన్నీ ఒకే ఆఫీసులో, ఒకేసారి ఇవ్వడం మేలు. స్టేట్‌మెంటు ఒకచోట, జీతం సర్టిఫికెట్టు మరోచోట చవకగా చేయించుకుంటే మిగిలే కాస్త డబ్బుకంటే వచ్చే తేడాలే ఎక్కువ.

జీతంలో పొంతన

అర్జీ పెట్టేముందు మీ జీతం ఏయే కాగితంలో ఎంతని ఉందో ఒక చోట రాసుకోండి. కువైట్‌లో ఇజన్ అమల్ (పని అనుమతి) మీద ఒక మొత్తం ఉంటుంది, కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్టులో ఒకటి, బ్యాంకులో పడేది ఒకటి. సౌదీలో సామాజిక బీమా సంస్థ గోసీ లెక్కకు మూలవేతనం, ఇంటి అద్దె భత్యం కలిపి తీసుకుంటుంది. రవాణా, తిండి భత్యాలు అందులోకి రావు. కాబట్టి గోసీ కాగితంలోని మొత్తం, చేతికొచ్చే మొత్తం వేరుగా ఉండటం సహజం. తెలిసినవాళ్లకు సహజం, లండన్‌లోనో ఒట్టావాలోనో కూర్చున్న అధికారికి కాదు. జీతం సర్టిఫికెట్టులో మూలవేతనం, ఒక్కో భత్యం విడివిడిగా రాయించుకుంటే ఆ లెక్క ఆయనకు దానంతటదే అర్థమవుతుంది. యూఏఈలో 2009 నుంచి, సౌదీలో 2013 నుంచి, ఖతర్‌లో 2015 నుంచి జీతాలు బ్యాంకు దారినే రావాలన్న వేతన రక్షణ పద్ధతి ఉంది కాబట్టి, కంపెనీ ఉద్యోగులకు నెలనెలా జీతం పడిన ఆధారం దొరుకుతుంది.

వీసా మీద ఉన్న వృత్తి, చేసే పని వేరైనవాళ్లు మనలో చాలామంది. అకామాలో డ్రైవరని ఉంటుంది, చేసేది స్టోర్‌కీపర్ పని. అక్కడ కొందరు తర్జుమాలో వృత్తిని ‘కాస్త’ మార్చి రాయించుకోవాలని చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. వీసా ఆఫీసులో అరబ్బీ చదివేవాళ్లుంటారు. అసలు కాగితం, తర్జుమా పక్కపక్కనే ఉంటాయి. తప్పుడు వివరమని తేలితే కెనడా అయిదేళ్లపాటు అర్జీ పెట్టనివ్వదు, మోసం చేశారని తేల్చితే బ్రిటన్ పదేళ్లదాకా తలుపు మూసేస్తుంది. ఆ ఒక్క మాట పిల్లల చదువులకు కూడా అడ్డుపడొచ్చు. వృత్తి ఉన్నదున్నట్టు తర్జుమా చేయించి, నిజంగా చేస్తున్న పనిని కంపెనీ లెటర్‌హెడ్ మీద వివరంగా రాయించుకోండి. నిజం రాసిన కాగితానికి ఏ ప్రశ్న వచ్చినా జవాబు చెప్పుకోవచ్చు.

తర్జుమా ఎవరు చేయాలి, ఏం రాయాలి

ఇక్కడ ఒక్కో దేశానిది ఒక్కో నియమం. బ్రిటన్ అడిగేది ఇది: పూర్తి తర్జుమా ఉండాలి, హోం ఆఫీసు సొంతంగా సరిచూసుకునే వీలుండాలి. అసలుకు ఇది సరైన తర్జుమా అని తర్జుమాకారుడి ధ్రువీకరణ, చేసిన తేదీ, పూర్తి పేరు, సంతకం, సంప్రదించే వివరాలు ఉండాలి. కెనడాకు సర్టిఫైడ్ తర్జుమాకారుడు చేయని పక్షంలో ఆ మనిషి ప్రమాణ పత్రం కూడా కావాలి. అర్జీదారు గానీ, దగ్గరి బంధువులు గానీ చేసిన తర్జుమా చెల్లదు. ఆ బంధువుల జాబితాలో బాబాయిలు, మేనమామలు, మేనల్లుళ్లు, పెదనాన్న పిల్లలు కూడా ఉన్నారు. అరబ్బీ బాగా వచ్చిన మేనల్లుడు ఉన్నాడు కదా అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అమెరికా ఇమిగ్రేషన్ శాఖకు వెళ్లే అర్జీల్లో, తర్జుమా పూర్తిగా, కచ్చితంగా ఉందని, ఆ భాష నుంచి ఇంగ్లిష్‌లోకి మార్చే సామర్థ్యం తనకుందని తర్జుమాకారుడు రాసివ్వాలి. ఆస్ట్రేలియా లోపల చేయిస్తే అక్కడి తర్జుమాకారుల గుర్తింపు సంస్థ నాటీ గుర్తింపున్నవాళ్లే చేయాలి. బయటి దేశంలో చేయిస్తే ఆ గుర్తింపు అక్కర్లేదు గానీ తర్జుమాకారుడి పేరు, చిరునామా, ఫోను, అర్హతలు ఇంగ్లిష్‌లో ఉండాలి. యూరప్ షెంగెన్ దేశాల్లో ఒక్కో కాన్సులేటుకు ఒక్కో జాబితా. మీరు వెళ్లే దేశపు జాబితా, మీరున్న నగరానికి సంబంధించినదే తీసి చదవండి.

యూఏఈలో న్యాయశాఖ లైసెన్సున్న లీగల్ ట్రాన్స్‌లేటర్లు ఉంటారు, వాళ్ల ముద్రలో లైసెన్సు నంబరు ఉంటుంది. సౌదీలో లైసెన్సు పొందిన తర్జుమా ఆఫీసులున్నాయి, బోర్డు మీద ముతమద్ (గుర్తింపు పొందినది) అన్న మాట చూసి వెళ్తారు. ఫోను కెమెరాతో అరబ్బీని చదివే యాప్‌లు మీకు కాగితం అర్థం కావడానికి బాగా పనికొస్తాయి. వాటిలోంచి వచ్చిన ఇంగ్లిష్‌ను మాత్రం అర్జీలో పెట్టకండి, దానికి బాధ్యత వహించి సంతకం చేసే మనిషి లేడు. అలాగే ప్రతి కాగితానికీ విదేశాంగ శాఖ అటెస్టేషన్ కావాలని ఏజెంట్లు చెబితే గబుక్కున డబ్బు కట్టకండి. ఆ దేశపు జాబితాలో ఆ మాట ఉందో లేదో చూసి కట్టండి.

తర్జుమా చేతికొచ్చాక పేజీలు లెక్కపెట్టండి. ముద్ర ఉన్నచోట ముద్ర అని, అందులో ఏం రాసి ఉందో అదీ రాయాలి. సంతకం ఉన్నచోట సంతకం అని రాసి ఉండాలి. పేజీ వెనుక ఏదైనా అచ్చు ఉంటే అదీ రావాలి. ఖాతా ఐబీఏఎన్ నంబరును ఒక్కో అంకె పోల్చి చూడండి. సౌదీలో అది 24 గుర్తులు, యూఏఈలో 23, కువైట్‌లో 30. కుడి నుంచి ఎడమకు రాసే పేజీలో అంత పొడవు నంబరు రెండు వరుసల్లోకి విరిగితే ముక్కలు తారుమారవుతాయి.

ఊళ్లో ఉన్న డబ్బు

గల్ఫ్ ఖాతా చూస్తే చాలామందికి జీతం పడిన వారానికే నిల్వ అడుగంటుతుంది. రాయచోటికో, రాజంపేటకో, జగిత్యాలకో పంపేస్తారు. మిగులు ఎన్ఆర్ఈ ఖాతాలో, డిపాజిట్లలో ఉంటుంది. ఆ బ్యాంకు కాగితాలు ఇంగ్లిష్‌లోనే వస్తాయి, తర్జుమా బాధ లేదు. అప్పుడు అరబ్బీ స్టేట్‌మెంటు చేయాల్సిన పని జీతం ఎక్కడినుంచి వస్తోందో, ఎక్కడికి వెళ్తోందో చూపడమే. ఎక్స్ఛేంజ్ ద్వారా పంపిన రసీదులు జతచేస్తే రెండు ఖాతాల మధ్య వంతెన దొరుకుతుంది. అయితే తెలుగు కాగితాలకూ తర్జుమా కావాలని మరచిపోవద్దు. బ్రిటన్ విద్యార్థి వీసాకు తల్లిదండ్రుల ఖాతా చూపిస్తే పుట్టినతేదీ సర్టిఫికెట్టు, వాళ్ల సమ్మతి ఉత్తరం అడుగుతారు. పాత పంచాయతీ సర్టిఫికెట్లు కొన్ని తెలుగులోనే ఉన్నాయి.

చీటీల సంగతి కూడా చెప్పాలి. గల్ఫ్‌లో మనవాళ్లు నమ్మకం మీద చీటీలు వేసుకుంటారు. పాడుకున్న నెలలో ఒక్కసారిగా పెద్ద మొత్తం ఖాతాలో పడుతుంది. అర్జీకి కొద్దిరోజుల ముందు ఇలా వచ్చిన మొత్తాన్ని చూస్తే, వీసా కోసం ఎవరిదగ్గరో తెచ్చి పెట్టినదనే అనుకుంటారు. తర్జుమా ఎంత బాగున్నా ఆ అనుమానాన్ని తీర్చదు. వీలైతే అర్జీ పెట్టే ఏడాది చీటీని బాగా ముందే పాడుకోండి, లేదా అర్జీ అయ్యాక పాడుకోండి.

చివరగా రోజుల లెక్క. బ్రిటన్ విద్యార్థి వీసాకు డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఆ 28 రోజుల ముగింపు తేదీ అర్జీ పెట్టే రోజుకు 31 రోజుల లోపు ఉండాలి. రంజాన్‌లో బ్యాంకులు, ఆఫీసులు తక్కువ గంటలే పనిచేస్తాయి, ఈద్ సెలవుల్లో తర్జుమా ఆఫీసులు తెరవవు. బక్రీదుకు ఇంకోసారి ఇదే పరిస్థితి. స్టేట్‌మెంటు ఈద్‌కు ముందు తీసుకుని, తర్జుమా ఈద్ తర్వాత చేయించి, అపాయింట్‌మెంటు దాకా ఆగితే 31 రోజులు ఇట్టే కరిగిపోతాయి. పండుగ తేదీలు చూసుకుని స్టేట్‌మెంటు రోజును నిర్ణయించుకోండి. అసలు కాగితం, వెంటనే దాని తర్జుమా, ఆ వరుసలో ఒకే పీడీఎఫ్‌గా పెట్టండి. జవాబు వచ్చేదాకా అసలు కాగితాలను జాగ్రత్త చేయండి, తర్జుమా ఆఫీసు లెటర్‌హెడ్ మీదున్న నంబరుకు మీరే ఒకసారి ఫోను చేసి ఎవరైనా ఎత్తుతున్నారో లేదో చూసుకోండి, ఎందుకంటే వీసా ఆఫీసు నుంచి ఫోను వెళ్లేది ఆ నంబరుకే.